మాకరోనీ బూరెలు

ఈ సంచికకు ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసినదని మా తెలుగు సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు నేను మొదట సంకోచించినాను. సాహిత్యమును గురించీ చరిత్రను గురించీ వ్రాయగల పెద్దలకు మా బరంపురంలో కొదువ లేదు. నేను చేసినదల్లా 1968లో కాపురానికి వచ్చినది మొదలు ఒక వంటయిల్లు నడపడమూ, ముప్పైయేండ్లుగా సంఘం విందులకు పిండివంటల బాధ్యత మోయడమూ. "మీకు తెలిసినదే వ్రాయండమ్మా" అన్నారాయన. నాకు బాగా తెలిసినవి పూర్ణం బూరెలు. అయితే ఈ వ్యాసం కేవలం బూరెలను గురించి కాదు. మా బూరెల మూకుడులో ఒక పరదేశపు వంటకం ఎట్లా వేగినదో, అది వేగుతుండగా నేను చేసిన ఒక తప్పు నాకెట్లా తెలిసివచ్చినదో విన్నవించుకొనుటకే దీనిని వ్రాస్తున్నాను.

మాది గంజాం సీమలో తరతరాలుగా నిలిచిన కుటుంబం. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, గంజాం జిల్లాలో అధికభాగం చెన్నరాష్ట్రం నుండి విడివడి అందులో చేరినప్పుడు మా మామగారు పడుచువాడు. "మన యిల్లు అంగుళం కదలలేదు, గీత కదిలింది" అని ఆయన తరచు అనేవారు. ఆనాటి నుండి ఇంటిలో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు అన్న ఏర్పాటు మాకు అలవడినది. ఈ సంచిక చదివే షోలాపురం, హోసూరు, మధుర సోదరీమణులకు ఈ ఏర్పాటును నేను వివరించనక్కరలేదు. పేర్లు మార్చుకొంటే అందరి యిండ్లలోనూ అదే కథ.

ఆ మూడింటిలో ఇంటిభాష కాపలా మాత్రం ఆడవారి వంతు. మా అత్తగారు ఆ కాపలా కఠినంగా కాసినారు. ఒక ఉదాహరణ చెబుతాను. మా ప్రక్క యింటి ఒడియా తల్లి పండుగనాడు ఛెనాపోడ చేసి పంపేది. ఛెనా అనగా పులుపు తగిలించి విరుగగొట్టిన పాల ముద్ద. దానిలో పంచదార కలిపి ఆకులలో చుట్టి నిప్పులమీద మాడీమాడకుండా కాలుస్తారు. పాలు విరగడం అశుభమని నమ్మిన మా అత్తగారు కోరి విరుగగొట్టిన పాలతో చేసిన తీపిని ఇంట అడుగుపెట్టనిచ్చేవారు కారు. ఆ తల్లి మాత్రం పంపడం మానలేదు. పదేండ్లకు మా అత్తగారు ఒక ముక్క నోట వేసికొన్నారు. మరి రెండేండ్లకు ఎట్లా చేస్తారో అడిగినారు. ఆ తరువాత మా యింట ప్రతి దసరాకూ ఛెనాపోడ ఉండవలసినదే. అప్పుడు నేను లోలోపల నవ్వుకొన్నాను. నవ్విన నాపచేనే పండుతుందన్న సామెత నాకు అప్పటికి పట్టుబడలేదు.

మా పెద్దబ్బాయి ఇరవైయేండ్ల క్రిందట ఉద్యోగరీత్యా అమెరికా వెళ్ళి అక్కడనే స్థిరపడినాడు. అతని కుమార్తె అక్కడనే పుట్టి పెరిగినది. దానికి తెలుగు వింటే కొంత అర్థమవుతుంది గాని నోట పలకదు. ప్రతి ఆదివారం ఉదయం టెలిఫోనులో మాట్లాడుకొనేవారము. 2019లో ఒకనాడు, దానికప్పుడు తొమ్మిదేండ్లు, బడిలో జరిగిన సంగతి ఏదో ఉత్సాహంగా ఇంగ్లీషులో చెప్పుకొనిపోతున్నది. నాకు ఇంగ్లీషు రాక కాదు. ఆ ఉదయం మనసు బాగులేదు. మా సంఘం పిల్లల పద్యపఠన పోటీకి ముగ్గురే వచ్చినారు. ఆ ఉడుకు ఈ పిల్లమీద చూపించినాను. "తెలుగులో చెబితేనే వింటాను. ఇంగ్లీషు నా దగ్గర వద్దు" అని చెప్పి ఫోను మా వారి చేతికి ఇచ్చివేసినాను. ఆ తరువాతి ఆదివారం "పని ఉందట" అన్నాడు అబ్బాయి. ఆ పైవారమూ అంతే. తరువాత మహమ్మారి వచ్చి రాకపోకలు నిలిచినవి. నాలుగేండ్లు ఆ పిల్ల గొంతు నేను సరిగా వినలేదు. పంతం పట్టినది పిల్లేనని అందరికీ చెప్పుకొన్నాను. నా భాష కోసం నేను నిలబడినానని గర్వపడినాను కూడా.

2023 డిసెంబరులో సెలవులకు వారు బరంపురం వచ్చినారు. పిల్ల నాకంటె పొడుగైనది. కాళ్ళకు నమస్కరించినది. అడిగిన దానికి "అవును", "కాదు", "చాలు" అన్న మూడు మాటలతో కాలక్షేపం చేస్తున్నది. ఏడాది చివరినాడు సాయంకాలం మా సంఘం ఆత్మీయ సమ్మేళనం. తేనీటి విందుకు ఎప్పటివలెనే బూరెలు నా పూచీ. ఈసారి తానూ ఏదో చేస్తానని పిల్ల తల్లితో చెప్పినదట. మూడవనాటి ఉదయం వంటింటి గుమ్మంలో నిలబడి, ఎంతో సేపు కూడబలుక్కొన్నట్లుగా నాతో అన్నది:

"మామ్మా, నాకు జున్ను కావాలి. పార్టీకి. ఒక కిలో."

నా ఆనందానికి మేర లేదు. నాలుగు మాటలు కూడని పిల్ల నోట జున్ను! మా అబ్బాయి దంపతులు ఆ రోజులలో శ్రీకాకుళం వైపు బంధువుల యింటికి వెళ్ళి ఉన్నందున అడిగి తెలిసికొనే మార్గం లేదు. అడగవలసిన అవసరమూ నాకు తోచలేదు. "రక్తంలో ఉన్న రుచి ఎక్కడికి పోతుంది!" అని వీధి అందరితో చెప్పినాను. పాలవానిని పిలిచి ఎవరి ఆవు ఈనినా కబురు చేయమన్నాను. మూడవనాడు దూడ త్రాగగా మిగిలిన జున్నుపాలు తెచ్చి ఇచ్చినాడు. చిక్కని పాలు కాబట్టి మామూలు పాలు కొంత చేర్చి, బెల్లం కరగించి, మిరియాలూ ఏలకులూ పొడి చేసి వేసి, గిన్నె మూతపెట్టి ఆవిరిమీద ఉడికించినాను. గట్టిగా, కదిలిస్తే వణికేటట్లు పేరుకొన్నది. పళ్ళెంలో పెట్టి పిల్ల ఎదుట ఉంచినాను.

అది పళ్ళెం వంకా నా వంకా మార్చి మార్చి చూచినది. "ఇది చీజ్ కాదు" అన్నది మెల్లగా.

"చీజు ఎందుకవుతుందే తల్లీ? జున్ను!"

తన చేతి ఫోను తీసి చూపించినది. అందులోని నిఘంటువులో ఇంగ్లీషు మాట ఎదుట తెలుగు అక్షరాలలో జున్ను అని ఉన్నది. మన పుస్తకాలలో చాలా నిఘంటువులు ఆ అర్థమే ఇస్తున్నవి. కాని రెండూ ఒకటి కావు. జున్నుపాలలో మాంసకృత్తులు మెండు; వేడి తగిలితే చాలు, తోడు లేకుండానే అవి గడ్డకడతవి. చీజు చేయుటకు మామూలు పాలలో రెన్నెట్ అనే పదార్థం కలిపి విరిచి, నీరు పిండి, ఉప్పు వేసి, నెలల తరబడి మాగబెడతారు. అంతటి దూరం గల రెంటికీ ఒక్క మాట అంటగట్టినందున ఒక పిల్లా, ఒక ముసలిదీ, ఒక పాలవాడూ మూడు రోజులు శ్రమపడినారు.

నవ్వు ఆగక నేను గోడకు చేరగిలబడినాను. అదీ నవ్వినది. "చీజంటే నాకు తెలియదటే? మూలమీది దుకాణంలో ఆ పేరుతోనే అమ్ముతారు. ఆ మాటే అనవచ్చును కదా!" అన్నాను.

పిల్ల నవ్వు ఆగినది. నేల చూస్తూ, ఒక్కొక్క మాటా వెదకుకొంటూ అన్నది: "నువ్వు... ఇంగ్లీషు వద్దన్నావు కదా, మామ్మా."

నేను జవాబు చెప్పలేకపోయినాను. నాలుగేండ్లు పంతం పట్టినది ఎవరో, నా మాట పట్టుకొని వెదకుకొన్నది ఎవరో ఆ క్షణాన నాకు తెలిసినది. ఒక్క మాట కోసం అది నిఘంటువు తెరచినది. నేను దాని కోసం ఒక్క ఆదివారం చెవి ఒగ్గలేదు. "తప్పు నాది తల్లీ. నీకు ఏ మాట వస్తే ఆ మాట చెప్పు" అన్నాను. దానికెంత అర్థమయినదో నాకు తెలియదు. జున్ను మాత్రం పళ్ళెం ఖాళీ చేసి, "ఇంకా" అన్నది.

ఆ మధ్యాహ్నం తాను చేయదలచినదేదో వివరంగా చెప్పినది. ఇంగ్లీషులోనే చెప్పినది, నేను విన్నాను. మాకరోనీని చీజుతో కలిపి ఉడికించిన వంటకం అమెరికాలో ఇంటింటా ఉన్నదట. దానిని చల్లార్చి, ఉండలు చేసి, పైపూత పూసి నూనెలో వేయిస్తే విందుకు ముందు చేతితో తినే చిరుతిండి అవుతుంది. మొదటి వంటకాన్ని అది నేర్చినది బడిలోని స్నేహితురాలి అమ్మమ్మగారి దగ్గర. వారు నల్లజాతి వారు. వారి యింట కృతజ్ఞతా దినపు విందులో మాకరోనీ లేకపోతే పండుగే కాదట. దానిని ఎవరు వండవలెననేది ఇంటిలోని పెద్దలు నిర్ణయిస్తారట. మన యింట బూరెల మూకుడు ముందు ఎవరు కూర్చోవలెననే నిర్ణయం వంటిదేనని నేను గ్రహించినాను. ఆ విందులో మిగిలినదానిని మరునాడు ఉండలు చేసి వేయించగా చూచి, పిల్ల అది కూడా నేర్చినది.

ఆ వంటకానికి ఒక చరిత్ర ఉన్నదని కూడా అది చెప్పినది. తరువాత నేను చదివి తెలిసికొన్నాను. మాకరోనీ ఇటలీ వారిది. చీజుతో దానిని వండే పద్ధతి ఇంగ్లండులో 1769లో ఎలిజబెత్ రఫాల్డ్ అనే ఆమె అచ్చువేసిన పాకశాస్త్ర గ్రంథంలో ఉన్నది. అమెరికాకు మూడవ అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ అంతకుముందు 1784లో పారిస్ నగరానికి వెళ్ళినప్పుడు జేమ్స్ హెమింగ్స్ అనే తన బానిసను వెంట తీసికొనిపోయి ఫ్రెంచి వంట నేర్పించినాడు. ఆ హెమింగ్స్ తన తమ్మునికి వంట నేర్పి, ఆ పిమ్మట 1796లో దాస్యవిముక్తి పొందినాడు. జెఫర్సన్ ఇంటి భోజనాలలో మాకరోనీ ప్రసిద్ధి కెక్కినది. 1824లో మేరీ రాండాల్ఫ్ అనే ఆమె గ్రంథంలో అది అమెరికా వంటగా అచ్చయినది. 1937లో, దారిద్ర్యం తాండవించిన కాలంలో, ఒక పెట్టెలో పొడి చీజుతో కలిపి చౌకగా అమ్మనారంభించగా బీదల పళ్ళెంలోకీ వచ్చినది. ఇటలీలో పుట్టి, ఇంగ్లండు చూచి, బానిసల చేతులమీదుగా అమెరికా చేరి, అక్కడ ఒక జాతి పండుగవంట అయిన ఈ పదార్థాన్ని ఒక తెలుగుపిల్ల ఒడిస్సాలోని బరంపురానికి తెచ్చినది. వలస వచ్చినంత మాత్రాన పరాయిది కావలెనంటే మన వంటింట మిరపకాయకు కూడా చోటు ఉండరాదు. అదీ ఆ ఖండం నుండి వచ్చినదే.

సమ్మేళనానికి రెండు రోజుల ముందు పిల్ల పని మొదలుపెట్టినది. నేను జోక్యం చేసికోరాదని నిశ్చయించుకొని పీట వేసికొని కూర్చున్నాను. రెండు సందేహాలు మాత్రం అడిగినాను. రెన్నెట్ అన్నది పూర్వం దూడ కడుపు నుండి తీసేవారని విన్నాను కనుక చీజు ఎట్టిదని అడిగినాను. శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క పొట్లంమీద చూపించినది. పైపూతకు కోడిగుడ్డు కావాలని దాని పుస్తకంలో ఉన్నది. మా వంటింట గుడ్డు ప్రవేశించలేదు. ఆ మాట చెప్పగానే పిల్ల మారు మాటాడక మైదాపిండి నీళ్ళలో కలిపినది.

మాకరోనీ ఉడికించినది. వెన్న కరగించి మైదా వేయించి పాలు పోసి చిక్కని జావ కాచినది. చీజు తురిమి కలిపినది. అంతవరకు చక్కగా ఉన్నది. అయితే గోరువెచ్చగా ఉండగానే ఉండలు చుట్టి, పలుచని మైదా నీళ్ళలో ముంచి, పది ఉండలు ఒక్కసారిగా మూకుడులో వదిలినది. నిమిషం గడవకముందే మొదటి ఉండ విచ్చుకొన్నది. తరువాత రెండవది. చీజు కారి నూనెలో నురుగు లేచి, పొయ్యి అంతా చిటపటలాడినది. పిల్ల వెనుకకు గెంతినది. నేను పొయ్యి ఆర్పినాను. మూకుడు అడుగున మాకరోనీ గొట్టాలు నల్లబడి తేలుతున్నవి. పిల్ల కన్నుల నీరు నిండినది.

అటువంటి మూకుడు నాకు క్రొత్త కాదు. 1968లో పెండ్లయిన క్రొత్తలో మా అత్తగారి యెదుట నేను వేసిన మొదటి వాయి బూరెలు సరిగా ఇట్లాగే విచ్చినవి. పూర్ణం నూనెలో కరగి, బెల్లం మాడి, ఇల్లంతా పొగ. ఆనాడు ఆమె నన్ను తిట్టలేదు. "పూర్ణం ఆరిందా? తోపు ఆగుతోందా? నూనె పలుకుతోందా? ఈ మూడూ చూసుకో. నాలుగోది లేదు" అన్నారు. మా యింట బూరెల పైపిండిని తోపు అంటాము. నేను పీట మీద నుంచి లేచి, నడుముకు చెంగు చుట్టి, ఆ మూడు ప్రశ్నలే పిల్లకు చెప్పినాను.

మొదటిది ఆరడం. బూరెలకు సెనగపప్పు బెల్లం పాకంలో దగ్గరపడేదాకా ఉడికించి, పూర్తిగా చల్లార్చి, చేతికి అంటనంత గట్టిపడిన తరువాతనే ఉండ చుట్టుతాము. చీజు కలిపిన ముద్ద అంతకంటె సుకుమారం. అది చల్లబడితేనే గట్టి. వేడి సోకితే ద్రవం. కనుక పైపూత గట్టిపడడానికి పట్టే రెండు మూడు నిమిషాలు లోపలి ముద్ద కరగకుండా నిలవవలెనంటే దానిని బాగా చల్లబరచి మూకుడులోకి పంపవలె. పిల్ల ఇంగ్లీషు మాట ఒకటి అన్నది. నేను "ఆరాలి" అన్నాను. "ఆరాలి" అని పలికినది. ముద్దను పళ్ళెంలో పరచి, శీతల పెట్టెలో రాత్రంతా ఉంచినాము.

రెండవది తోపు. అది పలుచనైతే ఉండకు అంటదు; మరీ చిక్కనైతే పిండి తిన్నట్లుంటుంది. వ్రేలు ముంచి తీస్తే వ్రేలు కనబడకుండా, బొట్టు బొట్టుగా జారవలె. ఎక్కడ సందు ఉంటే అక్కడ నుండి లోపలిది బయటికి వస్తుంది. మరునాడు రెండు విధాల చేసి చూచినాము. కొన్నింటిని బూరెల కోసం మినపప్పూ బియ్యమూ రుబ్బిన తోపులో ముంచినాము. కొన్నింటిని మొక్కజొన్న పిండి కలిపిన చిక్కని మైదా పిండిలో ముంచి, రస్కుల పొడిలో దొర్లించినాము. మినప తోపువి రుచిగా ఉన్నవి గాని గడియలో మెత్తబడినవి. రస్కుల పొడివి చాలాసేపు కరకరలాడినవి. విందుకు రెండవదే తగునని పిల్ల తీర్పు చెప్పినది. నేను ఒప్పుకొన్నాను. నా తోపు ఓడినందుకు లోపల కొంచెం చివుక్కుమన్న మాట నిజం.

మూడవది నూనె. అది వెంట తెచ్చికొన్న ఉష్ణమాపకం మూకుడులో ముంచినది. నేను చిటికెడు పిండి వేసి చూచినాను. పిండి అడుగుకు పోయి, వెంటనే బుడగలతో పైకి తేలినది. "ఇప్పుడు!" అన్నాను నేను. అదే క్షణాన అదీ తన భాషలో అదే మాట అన్నది. దాని గాజుగొట్టం అమెరికా కొలతలో 350 చూపుతున్నది. మన కొలతలో అది సుమారు 177 డిగ్రీలు. అట్లా మా అత్తగారి చిటికెడు పిండీ, ఆ యంత్రమూ ఒకే మాట చెప్పినవి. పిల్ల నా వంక చూచిన చూపులో మొదటిసారి గౌరవం కనబడినది. నేనూ దాని వంక అట్లాగే చూచి ఉంటాను.

అయిదేసి ఉండల చొప్పున వేసినాము. ఎక్కువ వేస్తే నూనె చల్లారి, పైపూత నూనె పీల్చి విడిపోతుంది. బుడగలు తగ్గి, బంగారు రంగు రాగానే చిల్లుల గరిటెతో తీసినాము. ఒక్కటి కూడా విచ్చలేదు.

గృహిణులైన పాఠకుల కోసం కొలతలు ఇస్తున్నాను. మాకరోనీ 250 గ్రాములు ఉప్పునీటిలో, పొట్లంమీద చెప్పినదానికంటె ఒక నిమిషం తక్కువగా ఉడికించి వార్చవలె. వెన్న 40 గ్రాములు, మైదా 40 గ్రాములు కలిపి సన్నని సెగమీద పచ్చివాసన పోయేదాకా, రంగు మారకుండా వేయించవలె. పాలు 400 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలుపుతూ చిక్కబరచవలె. పొయ్యి మీద నుంచి దించిన తరువాతనే తురిమిన చీజు 250 గ్రాములు వేయవలె. పొయ్యి మీద మరిగితే చీజు పలుకులు కట్టి నెయ్యి విడుస్తుంది. బజారులో దిమ్మలుగా దొరికే ప్రాసెస్డ్ చీజులో అట్లా విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలుపుతారు కనుక క్రొత్తవారికి అది సులువు. మిరియాల పొడి, కొద్దిగా ఉప్పు. మేము సన్నగా తరిగిన పచ్చిమిరప, కొత్తిమీర కూడా చేర్చినాము. రాత్రంతా చల్లార్చి, నిమ్మకాయంత ఉండలు చేస్తే సుమారు నలభై అవుతవి. వేయించే ముందు మరొక అరగంట మంచుగడ్డలు పేరే అరలో ఉంచవలె. ముందు పొడి మైదాలో, తరువాత తోపులో, తరువాత రస్కుల పొడిలో దొర్లించవలె. పొడి మైదా లేకపోతే చల్లని ఉండమీద తోపు జారిపోతుంది.

వంట సాగినంతసేపూ పిల్ల ఒక చిన్న పుస్తకంలో ఏదో వ్రాసికొంటున్నది. తరువాత చూపించినది. ఆరాలి, తోపు, మూకుడు, చిల్లుల గరిటె, వేగింది, విచ్చింది, చిటికెడు, వాయి: ఇరవై రెండు మాటలు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలలో. వాటి ప్రక్కన తెలుగు అక్షరాలలో వ్రాసి ఇమ్మన్నది. వ్రాసి ఇచ్చినాను. ముప్పైయేండ్లుగా సంఘంలో పిల్లలకు తెలుగు నేర్పవలెనని తీర్మానాలు చేసినవారిలో నేనొకతెను. పద్యాలు వల్లె వేయించినాము, బహుమతులు పంచినాము. అవి మంచివే, మానవలసినవి కావు. అయితే ఒక్క పూటలో ఇరవై రెండు మాటలు ఏ పిల్లా తనంత తానుగా వ్రాసికొన్నది నేను చూడలేదు. ఆ మాటలు దానికి అవసరమైనవి. లేకపోతే చీజు నూనెపాలవుతుంది.

సమ్మేళనంనాటి సాయంకాలం బల్లమీద ఒక ప్రక్క నా బూరెలు, ఒక ప్రక్క దాని ఉండలు. మా సంఘం అధ్యక్షులు, ఎనభైయేండ్ల వృద్ధులు, ఒకటి తీసికొని కొరికి, లోపలి నుండి సాగుతూ వచ్చిన చీజును చూచి చకితులై, "ఇదేమి బోండా అమ్మా?" అని అడిగినారు. పిల్ల నా వంక చూచినది. నేను పలుకలేదు. అది ఒక క్షణం ఆలోచించి, "మాకరోనీ బూరెలు అండీ" అన్నది. సభ అంతా నవ్వినది. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. పిల్లలు వాటి చుట్టూ మూగినారు. వాటి కోసం వచ్చిన పిల్లలలో కొందరు నా బూరెలు కూడా తిన్నారు. వారు ఏటేటా వాటిని దాటి బిస్కట్ల దగ్గరకు పోయేవారని నాకు తెలుసు. వంటకు సాయం వచ్చిన ఒడియా అమ్మాయి నాలుగు మూటకట్టుకొని పోయినది. ఒకరిద్దరు పెద్దలు ముట్టలేదు. వారిని నేను తప్పుపట్టను. ఛెనాపోడ ముక్క నోట వేసికొనడానికి మా అత్తగారికి పదేండ్లు పట్టినది.

ఆ రాత్రి మా వారు ఒక ప్రశ్న వేసినారు: "పిల్ల తెలుగు నేర్చిందనుకొంటున్నావా?" లేదు. ఇరవై రెండు మాటలు భాష కావు. అది తన దేశం తిరిగిపోతుంది, ఇంగ్లీషులోనే ఆలోచిస్తుంది, దాని పిల్లలకు ఈపాటి కూడా అందుతుందో లేదో చెప్పలేను. ఈ విషయంలో నన్ను నేను మభ్యపెట్టుకొనే వయస్సు దాటినది. అయితే పరాయిసీమలో భాషను కాచేవారము మనము ఒక పొరపాటు చేస్తున్నాము. పిల్లలు తెలుగులో వస్తేనే తలుపు తీస్తామని కూర్చుంటున్నాము. తలుపు తీసి, వారు తెచ్చినదేమిటో చూచి, దానిని మన మూకుడులో మన మాటలతో వేయించవలసినది. ఆ మాటలలో కొన్నయినా వారి వెంట పోతవి. తలుపు మూసి ఉంచితే ఒక్కటి కూడా పోదు. ఇది నేను పుస్తకాలలో చదివి చెప్పడం లేదు. నాలుగేండ్ల ఆదివారాలు పోగొట్టుకొని తెలిసికొన్నాను.

2024 ఏప్రిల్ 9వ తేదీ ఉగాదినాడు మా దేవుని పూజ ముగిసిన కొంతసేపటికి ఫోను మ్రోగినది. అక్కడ వారికి ఇంకా ముందురోజు రాత్రి. తెరమీద పిల్ల ముఖం, బుగ్గకు పిండి, వెనుక పొగ. మా కోడలు కిటికీ తెరుస్తున్నది. పూర్ణం బూరెలు వేస్తున్నదట. మొదటి వాయి విచ్చినదట.

"మామ్మా, పూర్ణం ఆరింది. నూనె త్రీ ఫిఫ్టీ. తోపు ఆగటం లేదు. ఏం చెయ్యాలి?"

"పలచనయిందే తల్లీ. బియ్యప్పిండి రెండు చెంచాలు కలిపి, ఒక్క బూరె వేసి చూడు. నేనిక్కడే ఉంటాను" అన్నాను.